హార్లనమ్మ గైర్హాజరు

ఎత్తిపోతల దగ్గరి లాడ్జి,
5 నవంబరు 2025

దేవికా,

నీకు ఉత్తరం రాసే రోజు వస్తుందని కల్లో కూడా అనుకోలేదు. మొన్నటిదాకా పొద్దున్నే ఫోనులో నీ గొంతు వినందే నాకు కాఫీ దిగేది కాదు. ఇక్కడికి తీసుకురాగానే మా ఫోన్లన్నీ ఒక సంచిలో వేయించుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. నరసరావుపేట మార్కెట్టు నుంచి మాకు కూరగాయలు తెచ్చే ఆటో సత్తార్ మీ వీధివాడేనని తెలిసింది. బతిమాలి ఈ కాగితం ఇస్తున్నాను.

ఎంపీటీసీగా నిలబడమన్నప్పుడు మీ అన్నయ్య ఏమన్నాడో గుర్తుందా? "పేరు నీది, తిరిగేది నేను. నీకేందే బాధ?" అన్నాడు. బాధ ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. మండలాధ్యక్షుడు గోపాలకృష్ణయ్యను దించాలని మనవాళ్ళు అవిశ్వాసం పెట్టారు. పదిహేడో తారీఖున ఆర్డీవో గారి ముందు చేతులెత్తాలి. నా ఒక్క చెయ్యి తగ్గినా తీర్మానం వీగిపోతుందట. అప్పటిదాకా అవతలివాళ్ళు మమ్మల్ని కొనకుండా, బెదిరించకుండా ఇక్కడ దాచారు. క్యాంపంటే ఏదో విహారయాత్ర అనుకున్నాను. జలపాతం చప్పుడు వినపడుతుంది గానీ, కిటికీ దగ్గరికి పోనివ్వరు.

అంతా చూసుకునేది అంకారావు మామయ్యే, మీకు బాబాయి. వచ్చేటప్పుడు మాచర్ల చెన్నకేశవస్వామి గుడి ముందు బస్సు ఆపి, ఒక్కొక్కరి అరచేతిలో కర్పూరం వెలిగించాడు. అది ఆర్పి ఒట్టు వేయాలి. నా ముందు నిలబడ్డ ఇంకో ఎంపీటీసీ బిందు పిల్లల మీద వేసింది. నా వంతు వచ్చేసరికి, "మధ్యలో వెళ్ళిపోయినా, చెయ్యెత్తకపోయినా మా ఇంటాయన నాకు దక్కడు" అని నా నోరు అనేసింది. అంత మాట అనమని ఎవరూ అడగలేదు. అప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు దేవికా.

మీ అన్నయ్యను పిడుగురాళ్ల రోడ్డు మీద ఒంటరిగా తిరగొద్దను. గేటుకు తాళం వేసుకోమను. హాస్టల్ నుంచి మా స్వాతి ఫోను చేసి, అమ్మ ఫోనెందుకు ఎత్తడం లేదని అడిగితే, పాడైందని చెప్పు. పరీక్షల ముందు పిల్లను భయపెట్టొద్దు. నువ్వు ఏదో ఒకటి రాస్తూ ఉండు. నీ అమెరికా కాగితాల సంగతైనా సరే.

నీ వదిన
కుసుమ


నరసరావుపేట,
6 నవంబరు

వదినా,

సత్తార్ వంకాయల గంప కింద నుంచి నీ కాగితం తీసి ఇచ్చాడు. చదువుతుంటే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. బలవంతాన వేయించుకున్న ఒట్టు ఒట్టు కాదంటారు. నువ్వు అన్నం తిను.

అన్నయ్య నిన్న వచ్చాడు. నీ భయం చెబితే, "మీ వదిన అక్కడ కూసొని నన్ను కాపలా కాస్తంది" అని నవ్వాడు. మిరపకు మందు కొట్టే పనిలో ఉన్నాడు.

నా సంగతులంటావా, జీతానికి దిద్దే అవే కాగితాలు. 1951లో అమెరికాలో ఒక పడమటి రాష్ట్రపు శాసనసభ సమావేశాలవి. మెషిన్ చదివి టైపు చేసినదాన్ని అసలు కాగితం పక్కన పెట్టుకుని తప్పులు దిద్దాలి. ఎవరు ఔనన్నారు, ఎవరు కాదన్నారు, ఎవరు గైర్హాజరు అనేదే ఎక్కువ. మధ్యమధ్యలో అతికించిన పేపరు ముక్కలు చదువుతుంటే పొద్దుపోతుంది.

ఒక రోజు కొందరు సభ్యులు బిల్లు నెగ్గకుండా చేయాలని సభ ఎగ్గొట్టారట. తగినంతమంది లేకపోతే సభ నడవదు కదా. స్పీకరు తలుపులు మూయించి, లోపలున్నవాళ్ళను కదలొద్దన్నాడు. పారిపోయినవాళ్ళను పట్టుకురమ్మని పోలీసులను పంపాడు. ఒకాయన కొండ మీద గొర్రెల మంద దగ్గర దొరికితే, బురద బూట్లతోనే తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. క్యాంపులు కట్టడం మన పల్నాడులోనే పుట్టిందనుకుంటున్నాం మనం!

ధైర్యంగా ఉండు.

దేవిక


లాడ్జి,
8 నవంబరు

దేవికా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారికి నువ్వు చెప్పదలుచుకున్నది అర్థమైంది. తలుపులు మూస్తారు, పోలీసులు వస్తారు, బురద కాళ్ళతోనే ఈడ్చుకుపోతారు. నీకు అక్కడ ఏదో తెలిసింది, పైకి రాయలేక అమెరికా పేరు పెట్టి రాశావు. అంతేకదా?

నా మనసు ఆగలేదు. మామయ్య దగ్గరికి పోయి, "పోలీసులు మన మీదికొస్తున్నారా?" అని అడిగేశాను. ఆయన ముఖంలో రంగు పోయింది. "నీకెవురు చెప్పారమ్మా ఆ మాట?" అన్నాడు. నీ ఉత్తరం చూపించక తప్పలేదు. ఆయన అది చదివి, ఎవరికో ఫోన్లు చేసి, గేటుకు ఇంకో తాళం వేయించాడు. కిటికీలకు లోపలి నుంచి దుప్పట్లు కొట్టించాడు. ఇప్పుడు పగలు కూడా లైటు వేసుకునే కూర్చుంటున్నాం. నా వల్లేనని బిందు నాతో మాట్లాడటం మానేసింది.

ఇక మీదట వచ్చే ఉత్తరమూ, పోయే ఉత్తరమూ ఆయన చదివాకే. "ఎవురిదైనా, ఇంటి ఇషయాలున్నా, అనుమానంగా ఉన్నా ఇవ్వను. మీ మంచికే" అన్నాడు.

పోలీసులు ఎప్పుడు వస్తున్నారు? ఏ గుర్తుతోనైనా చెప్పు.

కుసుమ


నరసరావుపేట,
9 నవంబరు

వదినా, నా తల్లీ,

గుర్తులూ లేవు, గూఢార్థాలూ లేవు. ఆ పోలీసులు డెబ్బై ఏళ్ళ కిందటే గొర్రెలాయన్ని తీసుకుపోయారు, నీ దగ్గరికి రావడం లేదు. నేను రాసేది నేను చదివిన కాగితాల సంగతి, అంతే. నా మీద ఒట్టు. అమెరికా కథ అమెరికా కథే, నమ్ము.

అంకారావు బాబాయ్, ఎలాగూ చదువుతున్నారు కాబట్టి మీకూ నమస్కారం. మా వదిన మీకు అప్పగింత.

సరే, భయం పోయే సంగతి చెబుతాను. ఆ సభ మొత్తానికి ఒక్కతే ఆడమనిషి, మిసెస్ హార్లన్. ఊరు కాని ఊళ్ళో అద్దెగదిలో ఉండి సభకు వచ్చేది. పేరు పిలిస్తే "ఉన్నాను" అనేది, అంతకుమించి రోజుల తరబడి ఒక్క మాట లేదు. ఒకసారి గొర్రెల మీద పన్ను సంగతి వచ్చింది. ఒక పెద్దమనిషి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాడు. ఈవిడ బయటికి పోయి ఒక గొర్రెపిల్లను చంకనేసుకుని వచ్చి, ఆయన బల్ల మీద నిలబెట్టి, "దీని వయసెంతో చెప్పండి, తర్వాత పన్ను చెప్పండి" అందట. అది ఆయన కాగితాలన్నీ తడిపేసింది. సభ పకపకా నవ్విందని పేపర్లో వేశారు.

తిన్నావని రాస్తేనే తర్వాతి కథ.

దేవిక


లాడ్జి,
10 నవంబరు

దేవికా,

తిన్నాను. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

నీ ఉత్తరం మామయ్య తనే అందరికీ చదివి వినిపించాడు. గొర్రెపిల్ల దగ్గర నవ్వలేక చచ్చాం. బిందు మళ్ళీ నాతో మాట్లాడుతోంది. ఆ మిసెస్ హార్లన్‌కు మేమంతా హార్లనమ్మ అని పేరు పెట్టాం. అద్దెగదిలో ఆవిడకు అన్నం ఎవరు పెట్టేవారో, ఇంట్లో ఆమె మొగుడు ఏం వండుకు తినేవాడో కనుక్కుని రాయి. "ఒక్కతే ఎట్టుందమ్మా అంతమంది మొగోళ్ళలో" అని మావాళ్ళు ఒకటే ఆశ్చర్యం.

నేను ఎంత పిచ్చిదాన్నో చూడు. ప్రతి మాట వెనకా ఏదో ఉందనుకుని అందరి ప్రాణాలూ తీశాను. ఇక అలా చదవను. నువ్వు ఒట్టు వేశాక మనసు తేలికపడింది.

అయినా బయట కారు ఆగితే చాలు, అందరం మాటలు ఆపేస్తాం. నిన్న ఒక తెల్ల కారు గేటు ముందు రెండుసార్లు తిరిగింది. గోపాలకృష్ణయ్య మనుషులదేనని అంటున్నారు. మీ అన్నయ్య ఒక్క ముక్క రాయడే! కోపమా? సత్తార్ చేత ఒక చీటీ పంపమను.

కుసుమ


నరసరావుపేట,
12 నవంబరు

వదినా,

బాబాయి చదివి వినిపిస్తున్నారన్నావు కదా, అందరికీ సరిపడా కథే రాస్తున్నాను. నువ్వు మాత్రం కాస్త నెమ్మదిగా, మనసు పెట్టి విను. వీలైతే కాగితం చేతిలోకి తీసుకుని నువ్వే మళ్ళీ చదువుకో.

ఈ రోజు కాగితాల్లో హార్లనమ్మ పేరు పక్కన 'గైర్హాజరు' అని ఉంది. ఎందుకని వెతికాను. ఆమె భర్తకు మిరపతోట ఉంది. కుడి కనుబొమ మీద చిన్నప్పుడు బావి గిలక తగిలిన మచ్చ ఉంది. మంచివాడు, మొండివాడు. ఒంటరిగా తిరగొద్దని భార్య చెప్పి పంపినా వినలేదు. మోటారు సామాను కోసం వెళ్ళి, సాయంత్రం సున్నపు బట్టీల పక్క నుంచి బండి మీద వస్తుంటే ఎవరో కారులో వచ్చి ఇనుపరాడ్లతో తల మీద కొట్టారు. ఆపరేషన్ చేశారు. మనిషి కళ్ళు తెరవలేదు. డాక్టర్లు ఏమీ చెప్పడం లేదు. ఊరు కాని ఊళ్ళో ఉన్న భార్యకు ఆ మాట చేరనివ్వకుండా చుట్టూ ఉన్నవాళ్ళు అడ్డుపడుతున్నారు. ఆయనకు ఒక్క చెల్లెలు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, వదిన ఎప్పుడు వస్తుందా అని దారి చూస్తోంది.

ఆమె వెంటనే వచ్చేసింది వదినా. ఎవరినీ అడగలేదు. వచ్చేసింది.

దేవిక


లాడ్జి,
13 నవంబరు

దేవికా,

ఎంత పని చేశావే! అందరినీ ఏడిపించావు. మామయ్య చదువుతూ చదువుతూ మధ్యలో ఆగి గొంతు సవరించుకున్నాడు. మిగతాది చదవడానికి కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది. మాకేనా, ఆ పెద్దమనిషికి కూడా గుండె కరిగిందనుకున్నాం. కాగితం నాకు ఇవ్వమంటే, దాచి పెడతానని తన జేబులో పెట్టుకున్నాడు.

అమెరికాలో కూడా మిరపతోటలు ఉంటాయా? సున్నపు బట్టీలు కూడానా? అచ్చం మన పిడుగురాళ్ల లాగే ఉందే ఆ ఊరు! మీ అన్నయ్యకూ ఆ మచ్చే ఉందని బిందుతో అంటే, "నీకు మళ్ళీ మొదలయ్యిందా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. నువ్వు ఒట్టు వేసి ఉండకపోతే ఈ పాటికి గోడ దూకేదాన్ని.

మరి ఆయన బతికాడా? అది రాయకుండా ఎలా ఆపావు? పోతాడని బిందు, బతుకుతాడని నేను. పందెం వేసుకున్నాం. రేపటికి రాసి పంపు. నాకు మాత్రం ఆయన బతకాలి.

మీ అన్నయ్య చీటీ ఇవాళా రాలేదు. ఇంటికి వచ్చాక చెబుతాను ఆయన సంగతి.

కుసుమ


నరసరావుపేట,
14 నవంబరు

వదినా,

అది అన్నయ్యే. ఉపేంద్ర అన్నయ్యే. మంగళవారం సాయంత్రం కొట్టారు. నరసరావుపేటలో ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాడు. తలలో రక్తం తీసేశారు. ఇంకా కళ్ళు తెరవలేదు.

మా ఆయన నిన్న లాడ్జి దాకా వచ్చాడు. గేటు దగ్గరే ఆపేశారు. ఎంత మొత్తుకున్నా కాపలావాడు, "ఇట్టాంటియి రోజుకి రెండొస్తన్నయ్యి. అందరి మొగుళ్ళకీ ఇప్పుడే గుండెపోట్లు" అన్నాడట. పోలీసులు రాసుకుని, విచారిస్తామన్నారు.

బాబాయ్, ఈ ఉత్తరం మీరే చదువుతారని తెలుసు. అన్నయ్య మీ చేతుల మీద పెరిగినవాడు. మీ కాళ్ళు పట్టుకుంటాను, వదినకు ఇవ్వండి.

దేవిక


లాడ్జి,
15 నవంబరు

దేవికా,

నిన్న ఉత్తరం రాలేదు. సత్తార్‌ను అడిగితే పక్కనే ఉన్న కాపలావాణ్ణి చూసి, మళ్ళీ ఉల్లిపాయల వైపు చూస్తూ, "ఏం లేదమ్మా" అన్నాడు. నీకు పని ఎక్కువగా ఉందని మామయ్య చెప్పాడు. ఆయనకెలా తెలుసో!

ఇంకో సంగతి. ఈ కాగితం మామయ్యకు చూపించకుండా సత్తార్ ఖాళీ గంపలో పడేస్తున్నాను. ఈ రోజు పొద్దున్న మామయ్య నాకు కాఫీ తనే తెచ్చిచ్చాడు. "ఎల్లుండితో అయిపోద్దమ్మా, ఓర్చుకో" అని తల నిమిరాడు. ఇన్నాళ్ళూ గదమాయించిన మనిషి ఇంత మెత్తగా మాట్లాడుతుంటే, కాఫీ సగంలోనే పక్కన పెట్టేశాను. ఎందుకో తెలియడం లేదు. అడగాలంటే భయం. మళ్ళీ పిచ్చిదాన్ని అవుతానేమోనని ఇంకో భయం.

ఆ కథ ముగింపు రాయవూ?

కుసుమ


నాదెండ్ల,
18 నవంబరు

దేవికా,

నిన్న మండలాఫీసు ముందు బస్సు దిగి బారికేడ్ల మధ్య నడుస్తుంటే నువ్వు కనిపించావు. జడ వేసుకోలేదు. నన్ను చూసి నువ్వు అరవలేదు, చెయ్యి ఊపలేదు, ఊరికే చూశావు. అరిస్తే క్యాంపువాళ్ళు నన్ను ముందే లాక్కుపోయేవాళ్ళని నీకు తెలుసు. ఆ చూపుతోనే హార్లనమ్మ మొగుడు ఎవరో నాకు తెలిసింది. అప్పటికే వెనక నుంచి తోస్తుంటే లోపలికి నడిచాను.

ఆర్డీవో గారు పేర్లు పిలుస్తున్నారు. నేను లేచి మామయ్య కుర్చీ దగ్గరికి పోయి, "మా ఆయనకి ఎట్టుంది మామయ్యా?" అని అడిగాను. ఆయన తల ఎత్తలేదు. "ఒక్క నిమిషం కూసో తల్లీ. చెయ్యెత్తి పో. ఒక్క నిమిషంలో ఏమవుద్ది?" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. జేబులో ఉత్తరం పెట్టుకుని నాకు కాఫీ ఇచ్చాడు! "నిమిషమా? ఇన్నాళ్ళు దాచి ఇప్పుడు నిమిషమా?" అని, సభ మధ్యలో నుంచి బయటికి వచ్చేశాను.

తీర్మానం వీగిపోయింది. ఆయన్ని కొట్టినవాళ్ళు ఏం కోరుకున్నారో అదే నా చేత చేయించారు. ఆ నిమిషం ఆగి చెయ్యెత్తి ఉంటే వాళ్ళు ఓడిపోయేవాళ్ళు. ఆగలేకపోయాను దేవికా.

ఆసుపత్రికి పోనివ్వలేదు. రెండు వర్గాలూ రోడ్డు మీదే ఉన్నాయని, పోలీసులు జీపులో తెచ్చి ఇక్కడ మా పుట్టింట్లో దింపారు. వీధి చివర రెండు కార్లు ఉన్నాయి. ఎవరివో తెలియదు. ఓడినవాళ్ళవైనా కావచ్చు, గెలిచినవాళ్ళవైనా కావచ్చు. మా తమ్ముడు గడప దాటనివ్వడం లేదు. ఫోనులో ఏం మాట్లాడినా ఎవరు వింటారోనని వాడి భయం. సత్తార్ అడ్రసు వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. అతని చేతికే ఇది ఇస్తున్నాను.

కర్పూరం ఆర్పి ఆయన మీద వేసిన ఒట్టు తప్పాను. ఆయన పోతే నా నోటి మాటే ఆయన్ని చంపినట్టు. ఇక నాకు కథలు రాయకు. ఉన్నది ఉన్నట్టు రాయి. ఎంత చెడ్డదైనా సరే.

కుసుమ


నరసరావుపేట,
19 నవంబరు

వదినా,

ఉన్నది ఉన్నట్టు.

అన్నయ్య ఈ రోజు పొద్దున్న కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడు. మా ఆయన్ని గుర్తుపట్టలేదు. ఎడమ కాలు కదలడం లేదు. కదులుతుందో లేదో డాక్టరు చెప్పలేనన్నాడు. ప్రాణానికి భయం పోయిందా అని అడిగితే, "ఇంకో రెండు రోజులు చూడాలి" అన్నాడు. నన్ను గుర్తుపట్టగానే అడిగిన మాట, "కుసుమ ఏదే?" అని. దారిలో ఉందని చెప్పాను. అది అబద్ధం.

ఆసుపత్రి కింద కూడా మనుషులు నిలబడి ఉన్నారు. నాకూ భయంగా ఉంది. నిద్రపోవడం లేదు.

ఒట్టు సంగతి. అన్నయ్యకు దెబ్బ తగిలింది నువ్వు ఒట్టు తప్పాక కాదు. నువ్వు దానికి కట్టుబడి, కిటికీలకు దుప్పట్లు కొట్టిన గదిలో కూర్చున్న రోజున. నువ్వు బయటికి వచ్చాక ఆయన కళ్ళు తెరిచాడు. దేవుడి లెక్క నాకు తెలియదు, జరిగింది మాత్రం ఇది.

ఈ ఉత్తరం ఇచ్చిన సత్తార్ మీ పెరటి గుమ్మం దగ్గర నిలబడి ఉంటాడు. ఆటో నిండా క్యాబేజీ బస్తాలు ఉన్నాయి. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, పైన పట్టా కప్పాడు. అతనికీ భయమే, అయినా తీసుకొస్తానన్నాడు. ఆసుపత్రి వెనక వంటగది తలుపు దగ్గర నేనుంటాను.

జవాబు రాయకు వదినా. ఎక్కు.

దేవిక